ట్రైలర్ మీద తెరచాప పడవ: చుక్కానిని ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

తెరచాప పడవని ట్రైలర్ ఎక్కించి బయల్దేరేటప్పుడు అందరి కళ్ళూ మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) మీదే ఉంటాయి. కీల్ (పడవ అడుగున నీళ్ళలోకి దిగే పలక) పైకి లాగారా, ముందు వించ్ (తాడు చుట్టి లాగే మర) బిగిసిందా, వెనక లైట్లు వెలుగుతున్నాయా అని రెండేసిసార్లు చూసుకుంటారు. చుక్కాని మాత్రం ట్రాన్సమ్‌కి, అంటే పడవ వెనక గోడకి, వేలాడుతూనే ఉండిపోతుంది. లేదంటే ఊడదీసి కాక్‌పిట్‌లో (కూర్చుని పడవ నడిపే చోట) ఓ పక్కన పడేసి, పైన ఒక బంజీ (సాగే రబ్బరు తాడు) తగిలిస్తారు. రెండూ తప్పే. చుక్కానిని విప్పాలి, మెత్తటి సమతలం మీద పడుకోబెట్టాలి, ఎటూ కదలకుండా కట్టాలి.

ఉదాహరణగా క్యాటలీనా 22 తీసుకున్నాం. 1970 ప్రాంతంలో తయారీ మొదలైన ఈ పడవ అమెరికాలో ట్రైలర్ మీద తిరిగే చిన్న కీల్ పడవల్లో బాగా ఎక్కువగా కనబడుతుంది. డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే హబ్బర్డ్ సరస్సుల్లో నడపడానికి పాత పడవ కోసం వెతికే తెలుగువాళ్ళకీ ఇలాంటిదే ఎదురవుతుంది. ట్రాన్సమ్ బయట చుక్కాని తగిలించే పడవల్లో చాలావాటికి ఇక్కడ చెప్పిన పద్ధతి వర్తిస్తుంది. హుస్సేన్ సాగర్‌లో తిరిగే ఆప్టిమిస్ట్, లేజర్ అనే చిన్న పడవల సంగతి కింద విడిగా రాశాం.

వేలాడదీసి వదిలేస్తే ఏమవుతుంది

ఈ చుక్కాని ట్రాన్సమ్‌కి తలుపు బందుల పద్ధతిలోనే తగులుకుని ఉంటుంది. చుక్కానికి ఉన్న పిన్నులు పింటిల్స్, ట్రాన్సమ్‌కి ఉన్న కన్నాలు గడ్జన్లు. నీళ్ళలో ఉన్నంతసేపూ బ్లేడ్‌ని (చుక్కాని పలకని) నీరే రెండు వైపులా పట్టి ఉంచుతుంది, కొంత బరువూ మోస్తుంది. రోడ్డు మీద ఆ ఆసరా ఉండదు. పైగా ట్రాన్సమ్ ట్రైలర్ ఇరుసుకి బాగా వెనకాల ఉంటుంది కాబట్టి, చక్రం ఒక గుంతలో పడిందంటే ఎక్కువగా ఎగిరిపడేది ఆ కొసే. పింటిల్‌కీ గడ్జన్‌కీ మధ్య అర మిల్లీమీటరు సందున్నా చాలు, బ్లేడ్ ఊగిన ప్రతిసారీ ఆ సందులో సుత్తి దెబ్బ పడుతుంది. కాంక్రీటు హైవే మీద అతుకు అతుకుకీ ఒక దెబ్బ, గంటల తరబడి.

దాని ఫలితం మొదట కింది గడ్జన్ దగ్గర కనబడుతుంది. బోల్టు తల చుట్టూ జెల్‌కోట్‌లో (ఫైబర్‌గ్లాస్ మీది నున్నటి పై పొరలో) వెంట్రుకంత పగుళ్ళు నక్షత్రంలా విచ్చుకుంటాయి. ఆ పగుళ్ళ కింద గోధుమరంగు చార ఒకటి కారి ఎండిపోయి ఉంటుంది. ఆ చార ఉందంటే బోల్టు కన్నంలోంచి నీళ్ళు లోపలికి పోయి, అక్కడున్న చెక్కని తడిపి బయటికి వస్తున్నట్టే. పడవ కొనేటప్పుడు ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి. రోడ్డు మీద అయిన నష్టాన్ని నీళ్ళలో అయిందనుకుని, బోల్టు మరింత బిగించి ఊరుకునేవాళ్ళు ఎక్కువ. బిగిస్తే తడిసిన చెక్క నలుగుతుందే తప్ప లోపలికి పోయే నీరు ఆగదు. బోల్టులు విప్పి, చెక్క ఆరబెట్టి, కన్నాలని ఎపాక్సీతో నింపి, మళ్ళీ డ్రిల్ చేసి, సీలెంట్ వేసి, లోపలివైపు వెడల్పాటి పట్టీ పెట్టి బిగించాలి.

ఇంకో సంగతి. వేలాడే బ్లేడ్ నేలకి దగ్గరగా ఉంటుంది. పెట్రోల్ బంకులోకి ఎక్కే వాలు, ఇంటి ముందు డ్రైవ్‌వే అంచు, పడవని నీళ్ళలోకి దించే ర్యాంప్ చివరి మెట్టు, వీటిలో ఏదో ఒకటి కొసని గీరుతుంది. వెనక లైట్లకీ నంబరు పలకకీ అడ్డం వస్తే పోలీసులు ఆపుతారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బరువు వెనక్కి 4 అడుగులు దాటి పొడుచుకొస్తే ఎర్రజెండా కట్టాలి. మాస్ట్ కొస కోసం ఎలాగూ కడతారు, కానీ చుక్కాని ఆ లెక్కలో చేరే అవసరమే రానివ్వకండి.

విప్పడం

పడవ నీళ్ళలో ఉండగానే, రేవు పక్కన కట్టేసి, విప్పడం మేలు. ట్రైలర్ మీదికి లాగేటప్పుడు ఫిక్స్‌డ్ (పైకి మడవని) బ్లేడ్ వెనక అడ్డపట్టీకి గానీ ర్యాంప్ నేలకి గానీ తగులుతుంది. పింటిల్స్ వంగేది ఎక్కువగా అప్పుడే.

ముందు తాడు కట్టండి. 6 మి.మీ. తాడు ఒకటి చుక్కాని తల భాగంలోని కన్నంలోంచి పోనిచ్చి బోలైన్ ముడి (జారని ఉచ్చు) వేసి, రెండో కొసని కాక్‌పిట్ క్లీట్‌కి (తాడు చుట్టే కొక్కేనికి) చుట్టండి. చెయ్యి జారితే చుక్కాని అడుగున వెతుక్కోవాల్సి రాదు. తర్వాత టిల్లర్ (చుక్కానిని తిప్పే చేతికర్ర) బోల్టు తీసి టిల్లర్‌ని పక్కన పెట్టండి. టిల్లర్ ఉండగా చుక్కాని ఎత్తితే బరువు ఒకవైపుకి ఒరిగి పింటిల్ గడ్జన్‌లో బిగుసుకుపోతుంది.

ఆ తర్వాత పింటిల్‌కి ఉన్న రిటెయినింగ్ పిన్ను గానీ క్లిప్పు గానీ తీయండి. లోపల ఫోమ్ ఉన్న బ్లేడ్‌ని నీళ్ళు పైకి తోస్తాయి. ప్రయాణంలో చుక్కాని దానంతటదే ఊడి తేలిపోకుండా ఆపేది ఈ పిన్నే. తీసిన క్షణమే జేబులో కాకుండా జిప్ ఉన్న చిన్న సంచిలో వేయండి. టిల్లర్ బోల్టు, వాషర్లు, కాటర్ రింగులు కూడా అందులోకే. ఆ సంచిని చుక్కాని తలకే కట్టేయాలి. రెండు రింగులు, ఒక పిన్ను అదనంగా కొని అందులోనే ఉంచండి. వంద రూపాయల సామాను దొరక్క సెలవు రోజంతా ర్యాంప్ దగ్గర గడిచిపోవడం అందరికీ తెలిసిన సంగతే.

ఇక ఎత్తడం. మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో నిట్టనిలువుగా ఎత్తండి. రెండు పింటిల్స్ ఒకే వేగంతో పైకి రావాలి. రాకపోతే లాగకండి. బ్లేడ్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ ఎత్తితే వస్తుంది. పైకొచ్చాక కాక్‌పిట్ సీటు మీద దిండు వేసి దాని మీద పెట్టండి. కొస నేలకి ఆనించి గోడకి నిలబెట్టే అలవాటు మానుకోవాలి. బరువంతా కొస మీద పడి అక్కడి ఫైబర్‌గ్లాస్ చిట్లుతుంది.

కడగడం, ఆరబెట్టడం

మంచినీళ్ళతో కడిగి తుడిచాక ఒక గంట నీడలో వదిలేసి చూడండి. పింటిల్ బోల్టుల దగ్గర్నుంచో, వెనక అంచు అతుకు దగ్గర్నుంచో ఇంకా చుక్కలు కారుతున్నాయంటే లోపలికి నీళ్ళు చేరాయి. నాణెంతో బ్లేడ్ అంతా తట్టి వినండి. గట్టిగా టక్ మనే చోట బాగున్నట్టు, బోలుగా డబ్ మనే చోట పొర విడిపోయినట్టు. మిషిగన్ లాంటి చలి రాష్ట్రాల్లో లోపలి నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తే బ్లేడ్ నిలువునా చీలుతుంది, కాబట్టి చలికాలం రాకముందే దీన్ని తేల్చుకోవాలి.

సంచి

కొనుక్కోవచ్చు, కానీ కుట్టించుకుంటే సరిగ్గా సరిపోతుంది. పాత న్యూస్‌పేపర్లు అతికించి వాటి మీద చుక్కానిని పడుకోబెట్టి చుట్టూ గీయండి. ఆ గీతకి అన్ని వైపులా 5 సెం.మీ. కలిపి కత్తిరిస్తే కుట్టుకీ మందానికీ చాలుతుంది. పై గుడ్డ సన్‌బ్రెల్లా లాంటి గట్టి కాన్వాస్, లోపలి గుడ్డ ఫ్లీస్. పింటిల్స్ ఉన్న వైపు అంచు తెరిచి ఉంచి వెల్‌క్రో పెట్టించండి. కింది కొసన 10 మి.మీ. కన్నం ఒకటి ఉండాలి, మిగిలిన తడి కారిపోవడానికి. దర్జీ దాకా పోలేకపోతే ఇల్లు మారేటప్పుడు సామాన్లకి చుట్టే దుప్పటి ఒకటి చాలు. 72×80 అంగుళాల దుప్పటి చుక్కానికి రెండు చుట్లు వస్తుంది.

ప్లాస్టిక్ షీటు మాత్రం చుట్టకండి. తడి లోపలే ఉండిపోతుంది, ఎండకి ఆవిరవుతుంది, జెల్‌కోట్ కింద బొబ్బలు లేస్తాయి. చెక్క చుక్కాని అయితే వార్నిష్ తెల్లబడి పొరలుగా లేస్తుంది.

పింటిల్స్‌కి విడిగా తొడుగు కావాలి. ఈ లోహపు పిన్నులు కాబిన్ లోపలి గోడని గీరేస్తాయి, చాపలు చింపుతాయి, పక్కనున్న బ్లేడ్‌ని పొడుస్తాయి. ఒక టెన్నిస్ బంతికి చాకుతో కన్నం పెట్టి ప్రతి పింటిల్‌కీ గుచ్చండి. లేదా నీళ్ళ పైపు ముక్క తొడిగి టేపు చుట్టండి.

ఎక్కడ పెట్టాలి

మంచి చోటు కాబిన్ లోపల, బెర్త్ పరుపు మీద. బ్లేడ్ పొడవంతా పరుపు మీద ఆనాలి. రెండు చివర్ల కిందా రెండు దిండ్లు పెట్టి మధ్య గాల్లో వదిలేస్తే, ఎండలో వేడెక్కిన బ్లేడ్ కొద్దికొద్దిగా కుంగి ఆ వంపు అలాగే నిలిచిపోతుంది. వంపు తిరిగిన చుక్కాని ఉన్న పడవ వేగం అందుకోగానే టిల్లర్‌ని ఒక పక్కకి లాగుతుంది. దాన్ని సరిచేయడం కష్టం, కొత్త బ్లేడ్ కొనాల్సిందే.

పడుకోబెట్టే దిశ కూడా ఆలోచించి పెట్టాలి. తల భాగం వెనక్కి, కొస ముందుకి ఉంచండి. పింటిల్స్ ఉన్న అంచు నడవ వైపు రావాలి, పల్చటి వెనక అంచు పడవ గోడ వైపు. గోడకీ అంచుకీ మధ్య అర అడుగు దిండు కుక్కండి. ఆ వెనక అంచు రెండు మూడు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది, దాని మీద బరువు గానీ స్ట్రాప్ గానీ పడకూడదు. అక్కడ చిన్న నొక్కు పడ్డా నీళ్ళలో వేగం పెరిగితే చుక్కాని గుయ్ మని మోగుతుంది.

పికప్ ట్రక్కుతో లాగుతుంటే దాని తొట్టిలో రబ్బరు చాప మీద పెట్టడమూ మంచి పద్ధతే. దారిలో ఆగినప్పుడల్లా కళ్ళెదుటే ఉంటుంది. కాక్‌పిట్ నేల మూడో స్థానంలో వస్తుంది. అక్కడ గాలి బ్లేడ్ కిందికి దూరి ఎత్తుతుంది, ఎండ నేరుగా పడుతుంది. తప్పనిసరైతే ఒక అంగుళం మందం ఫోమ్ చాప పరిచి, దాని మీద పెట్టి, తెల్ల గుడ్డ కప్పండి.

బరువు లెక్క కూడా చూద్దాం. సాధారణంగా ట్రైలర్ మొత్తం బరువులో సుమారు 10 శాతం కారు హుక్కు మీద పడేలా చూసుకుంటారు. మరీ తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది. చుక్కాని 15 కిలోలు ఉందనుకుందాం. ఇరుసు నుంచి హుక్కుకి 5.5 మీటర్లు, ఇరుసు నుంచి ట్రాన్సమ్‌కి 2 మీటర్లు అయితే, ట్రాన్సమ్‌కి వేలాడే చుక్కాని హుక్కు మీద బరువుని సుమారు 5 కిలోలు తగ్గిస్తుంది. దాన్నే ఇరుసుకి ఒక మీటరు ముందు పెడితే సుమారు 3 కిలోలు పెంచుతుంది. తేడా 8 కిలోలే, కానీ అవుట్‌బోర్డ్ మోటారు కూడా ట్రాన్సమ్ బ్రాకెట్‌కే వేలాడుతుంటే దాని ప్రభావం ఇంకా ఎక్కువ. చుక్కాని తీసినప్పుడే మోటారునీ తీసి కారులో నిలువుగా పెట్టుకుంటే మంచిది.

కట్టడం

లారీల మీద సరుకు కట్టడానికి అమెరికాలో ఉన్న కొలత ఇక్కడ పనికొస్తుంది. బ్రేకు వేసినప్పుడు ముందుకి 0.8 జీ (అంటే సరుకు బరువుకి 0.8 రెట్ల తోపు), వెనక్కీ పక్కలకీ 0.5 జీ తట్టుకోవాలని అది చెబుతుంది. 15 కిలోల చుక్కానికి ముందుకి పడే తోపు 12 కిలోల బరువంత. అంగుళం వెడల్పు మామూలు స్ట్రాప్ దీన్ని సులువుగా మోస్తుంది. అంటే స్ట్రాప్ తెగడం గురించి బెంగక్కర్లేదు, వదులవడం గురించే జాగ్రత్త పడాలి. దిండ్లు నలిగి, ఫోమ్ అణిగి, స్ట్రాప్ ఒక సెంటీమీటరు వదులైతే చాలు, మిగతా పని అదురు చేసేస్తుంది.

అందుకే బంజీలు వద్దు. సాగేది ఏదీ బరువుని పట్టి ఉంచలేదు, దాంతోపాటు ఊగుతుంది. రాచెట్ స్ట్రాప్ కూడా వద్దు, దాని పిడి రెండు నొక్కులు ఎక్కువ నొక్కితే ఫోమ్ ఉన్న బ్లేడ్ చర్మం నొక్కుకుపోతుంది, ఆ సంగతి పైకి కనబడదు కూడా. చేత్తో లాగి బిగించే క్యామ్ బకిల్ స్ట్రాప్‌లు, 25 మి.మీ. వెడల్పువి, రెండు తీసుకోండి.

బెర్త్ అంచు చెక్కకి నాలుగు స్టెయిన్‌లెస్ ఐ-స్ట్రాప్‌లు (స్ట్రాప్ దూర్చే లోహపు కొంకీలు) ఒకసారి బిగించి పెట్టుకుంటే ఏ ప్రయాణానికైనా అవే పనికొస్తాయి. స్క్రూలు కాకుండా 5 మి.మీ. బోల్టులు, వెనకాల వెడల్పు వాషర్లు వాడండి. పడవ లోపలి పల్చటి లైనర్‌కి మాత్రం కన్నం పెట్టకండి, దాని వెనక ఏముందో తెలీదు.

మొదటి స్ట్రాప్ తల భాగం మీద, రెండు పింటిల్స్ మధ్యలోంచి. ఇది వెనక్కీ ముందుకీ జారకుండా ఆపుతుంది, ఎందుకంటే పింటిల్స్ దానికి అడ్డుపడతాయి. రెండోది బ్లేడ్ మీద, కొస నుంచి మూడో వంతు దూరంలో, కింద కార్పెట్ ముక్క పెట్టి. దాన్ని చుక్కాని పరుపులోకి ఒక వేలు మందం దిగేవరకూ లాగితే చాలు. ముందు వైపు కొస ఎదురుగా తెరచాప సంచిని కుక్కండి, బ్రేకు వేసినప్పుడు అదే ఆపుతుంది. చివరిగా తల కన్నంలోంచి ఒక తాడు వేసి, కాబిన్ మధ్యలో మాస్ట్ బరువు మోసే నిలువు కంబానికి గానీ గట్టి క్లీట్‌కి గానీ కట్టండి. స్ట్రాప్‌లు రెండూ వదులైనా ఇది ఉంటుంది.

కట్టయ్యాక బ్లేడ్ అంచు పట్టుకుని గట్టిగా కుదపండి. చుక్కాని కదలకుండా పడవ కదిలితే కట్టు సరిపోయింది.

కాక్‌పిట్‌లోనో పికప్‌లోనో కడితే స్ట్రాప్‌ని గాలి తగిలే భాగంలో ఒక్కసారి మెలి తిప్పండి. చదునుగా ఉన్న స్ట్రాప్ గాలికి బుర్రుమని కొట్టుకుంటుంది, ఆ కొట్టుకోవడానికే బకిల్ వదులవుతుంది, కింద జెల్‌కోట్ అరుగుతుంది. మిగిలిన కొసలు చుట్టి ముడి వేయండి.

టిల్లర్‌ని చుక్కానితో కలిపి కట్టకండి. పాత సాక్సులో దూర్చి ఇంకో బెర్త్ మీద పెట్టండి.

దారిలో

బయల్దేరిన 15–20 కిలోమీటర్లకే ఒకసారి ఆగండి. ఫోమ్ అణిగేది ముందే, కాబట్టి మొదటి ఆగుడు దగ్గరే స్ట్రాప్ ఎక్కువగా వదులై కనబడుతుంది. తర్వాత పెట్రోలుకి ఆగినప్పుడల్లా చెయ్యి పెట్టి చూడండి. మధ్యాహ్నం ఎండలో బండి ఆపి భోజనానికి వెళ్తే కాబిన్ పై తలుపు కొద్దిగా తెరిచి ఉంచండి. మూసిన కాబిన్‌లో టెక్సస్ ఆగస్టు ఎండకి చుక్కాని తాకితే చేయి చురుక్కుమంటుంది. అంత వేడిలో ఫైబర్‌గ్లాస్ మెత్తబడుతుంది, ఏ వంపులో ఉంటే ఆ వంపులో చల్లారుతుంది.

ఊడదీయక్కర్లేని రకాలు

మెక్‌గ్రెగర్ 26ఎక్స్, 26ఎం పడవలకి రెండేసి చుక్కానులుంటాయి, పైకి మడుచుకుంటాయి. వాటిని ట్రాన్సమ్‌కే ఉంచి తీసుకెళ్ళవచ్చు. కానీ పైకెత్తే తాడు ఒక్కదాన్నే నమ్మకండి, ప్రయాణానికి అది చాలదు. రెండు బ్లేడ్ల చుట్టూ ఒక స్ట్రాప్ వేసి, మధ్యలో ఫోమ్ ముక్క పెట్టి, ట్రాన్సమ్ మీది గట్టి క్లీట్లకి కట్టండి. స్టీరింగ్ చక్రాన్ని కూడా తాడుతో కదలకుండా చేయండి, లేకపోతే అదురుకి లింకులన్నీ అరుగుతాయి. హోబీ 16 లాంటి క్యాటమరాన్‌ల (రెండు సన్నటి పడవలు పక్కపక్కన కలిపిన రకం) చుక్కానులు విప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, విప్పేయడమే మేలు.

హుస్సేన్ సాగర్‌కి వచ్చే చిన్న పడవలు

హైదరాబాద్ సెయిలింగ్ వీక్, మాన్సూన్ రెగట్టా అనే తెరచాప పడవల పందేలకి ఇతర ఊళ్ళ నుంచి పడవలు వస్తాయి. ఒకే ట్రైలర్ మీద అంతస్తులుగా నాలుగైదు లేజర్లు, లేదా వ్యాన్‌లో ఆప్టిమిస్ట్‌ల చుక్కానులు గుత్తిగా. ఇక్కడ అసలు శత్రువులు రెండు: స్పీడ్ బ్రేకర్లు, ఎండ.

లేజర్ చుక్కాని బ్లేడ్‌ని డాగర్‌బోర్డ్‌తో (పడవ మధ్యలోంచి నీళ్ళలోకి దింపే పలకతో) కలిపి, ఈ పలకల కోసం చేసిన మెత్తటి సంచిలో పెట్టండి, మధ్యలో గుడ్డ అడ్డం ఉండాలి. అల్యూమినియం తల భాగం బ్లేడ్‌ని గీరకుండా దాన్ని విడిగా చుట్టండి. సంచిని పడవ డెక్ మీద కట్టకండి, కింది పడవకీ పై పడవకీ మధ్య నలుగుతుంది. వ్యాన్ సీటు మీద అడ్డంగా పరిచి సీట్ బెల్టు వేయడం చాలా తేలిక. మే నెలలో మూసిన కారు డిక్కీలో మాత్రం వదలకండి. ఎండలో నల్లటి సంచి ఎంత వేడెక్కుతుందో ముట్టుకుంటే తెలుస్తుంది.

పది ఆప్టిమిస్ట్‌లు తీసుకొచ్చే కోచ్‌లు ఒక చెక్క ర్యాక్ చేయించుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. 12 మి.మీ. ప్లైవుడ్ పలకలు రెండు, ఒక్కోదానిలో పది గాడులు. బ్లేడ్ మందం సుమారు 15 మి.మీ. కాబట్టి గాడి వెడల్పు 26 మి.మీ. చాలు. ఇరువైపులా 5 మి.మీ. కార్పెట్ అతికిస్తే 16 మి.మీ. మిగులుతుంది, చుక్కాని తేలిగ్గా దూరుతుంది, ఊగదు. గాడికీ గాడికీ మధ్య 12 సెం.మీ. వదలండి, టిల్లర్లు ఒకదానికొకటి తగలకుండా. టిల్లర్ ఎక్స్‌టెన్షన్లు మడిచి వెల్‌క్రోతో కట్టి, ప్రతి చుక్కాని మీదా తెరచాప నంబరు రాసి పెడితే దిగగానే పిల్లల మధ్య గొడవలుండవు.

మళ్ళీ తగిలించడం, ఇంట్లో ఉంచడం

పడవ నీళ్ళలో తేలి ట్రైలర్ బయటికొచ్చాక, రేవు దగ్గరే తగిలించండి. ముందు తాడు కట్టండి, విప్పేటప్పుడు కట్టినట్టే. చాలా పడవల్లో కింది పింటిల్ పొడవుగా ఉంటుంది, దాన్ని ముందు గడ్జన్‌లో దింపి, అది దారి చూపుతుండగా పైదాన్ని దించండి. రెండూ ఒకే పొడవైతే కింది గడ్జన్ కనబడదు కాబట్టి ఇంకొకరు నీళ్ళలో నిలబడి చెప్పాలి. రిటెయినింగ్ పిన్ను పెట్టాక బ్లేడ్ కొస పట్టుకుని పక్కలకి ఊపండి. కొద్దిగా టక్కుటక్కుమంటే నైలాన్ బుష్‌లు మార్చే వేళయింది. గ్రీజు పూయకండి, ఇసుకని పట్టి ఉంచి పింటిల్‌ని అరగదీస్తుంది. సిలికాన్ స్ప్రే చాలు.

ఇంట్లో నెలల తరబడి ఉంచాలంటే సంచిలోంచి తీసి, తల కన్నంలోంచి తాడు వేసి నిలువుగా వేలాడదీయండి, లేదా అల్మరా మీద పొడవంతా ఆనేలా పడుకోబెట్టండి. అటక మీద వద్దు, వేసవిలో అక్కడి వేడి కాబిన్ వేడికి తీసిపోదు. గారేజీలో ఉంచితే నీటి హీటరుకి దూరంగా, ఎవరూ పైన సామాన్లు పెట్టని చోట ఉంచండి.